‘మనోళ్ళు ఎప్పుడు పోతరు సార్?’

నల్గొండలో భౌతికశాస్త్రం చెప్పుకునే వాడిని కాబట్టి అంతరిక్షం వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ తరగతిలో ఎవరో ఒకరు లేచి ఈ ప్రశ్న అడుగుతారు. 2018 ఆగస్టు 15న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ఎర్రకోట మీది నుంచి గగన్‌యాన్‌ను ప్రకటించినప్పుడు, స్వాతంత్ర్యానికి 75 ఏళ్ళు నిండే 2022 నాటికి మన వాళ్ళు మన రాకెట్‌లోనే అంతరిక్షానికి వెళ్తారని చెప్పారు. ఆ గడువు దాటిపోయింది. ఆ తరువాత పెట్టుకున్న గడువులు కూడా ఒకదాని వెంట ఒకటి జరుగుతూ వచ్చి, ఇప్పుడు 2027 అన్న మాట వినిపిస్తున్నది. పిల్లల ప్రశ్నలో కుతూహలం ఎంత ఉందో వెక్కిరింపు కూడా అంతే ఉంటుంది. ఆలస్యాన్ని వెక్కిరించడంలో నేను వాళ్ళతో కలవను. మానవసహిత అంతరిక్షయానం చరిత్రను కాస్త దగ్గరగా చదివినవారు ఎవరూ కలవరనే అనుకుంటాను. అయితే ఇస్రోను అడగవలసిన ప్రశ్న ఒకటి వేరే ఉంది. దాని దగ్గరికి రావాలంటే ముందు కొంత పాత కథ చెప్పుకోవాలి.

మా ప్రాంతంలో అంతరిక్షం గురించి ఊరూరా మాట్లాడుకున్న తొలి సందర్భం 1979 జులై అయి ఉంటుంది. అమెరికా 1973 మే 14న కక్ష్యలో పెట్టిన స్కైలాబ్ అనే అంతరిక్ష కేంద్రంలో మూడు బృందాలు నివసించి వచ్చాయి, చివరి బృందం 84 రోజులు ఉంది. ఆ తరువాత అది ఖాళీగా తిరుగుతుండగా సూర్యుడి మీద అలజడి పెరిగి, పై వాతావరణం వేడెక్కి ఉబ్బడంతో దాని వేగం తగ్గుతూ వచ్చింది. దాన్ని మళ్ళీ పైకి నెట్టవలసిన స్పేస్ షటిల్ సమయానికి సిద్ధం కాలేదు. అది కూలబోతున్నదన్న వార్త పల్లెలకు చేరేసరికి మన నెత్తినే పడుతుందన్న పుకారుగా మారింది. ఎట్లాగూ పోయేదే కదా అని కోళ్ళను, మేకలను కోసుకు తిన్నవారి కథలు ఇప్పటికీ పెద్దవాళ్ళ నోట వింటాం. ఆ రోజుల్లో పుట్టిన పిల్లలకు స్కైలాబ్ అని పేరు పెట్టుకున్న ఇళ్ళు కూడా ఉన్నాయి. జులై 11న అది హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో ముక్కలై పడింది. ఈ కథ చెప్పి పల్లెవాళ్ళ అమాయకత్వానికి నవ్వేవారిని చూస్తే నాకు చిరాకు. సరైన సమాచారం తమ భాషలో, తమకు అర్థమయ్యే తీరులో అందనప్పుడు మనుషులు ఉన్న దాంతోనే ఏదో ఒకటి ఊహించుకుంటారు. అంతకు ఎన్నో ఏళ్ళ ముందు నుంచే, చదువూ హోదా దండిగా ఉన్నవాళ్ళు కావాలని సమాచారం దాచిపెట్టి తెచ్చుకున్న అనర్థాలతో పోలిస్తే మా ఊళ్ళ భయం ఏపాటిది?

1957 నవంబరు 3న సోవియట్ యూనియన్ లైకా అనే కుక్కను కక్ష్యలోకి పంపినప్పుడు దాన్ని తిరిగి దించే ఏర్పాటే ఆ వ్యోమనౌకలో లేదు. పైకి పంపడం అప్పటికే చేతనైన విద్య. దించడం నేర్చుకోవడానికి ఇంకో మూడేళ్ళు పట్టింది. 1960 ఆగస్టులో బెల్కా, స్ట్రెల్కా అనే రెండు కుక్కలు కక్ష్యలో తిరిగి ప్రాణాలతో నేలకు చేరాయి. అదే ఏడాది డిసెంబరులో పంపిన మరో రెండు కుక్కలు తిరుగు ప్రయాణంలో చనిపోయాయి. ఆ వరుసలోనే 1961 ఏప్రిల్ 12న యూరీ గగారిన్ 108 నిమిషాల్లో భూమిని ఒక చుట్టు చుట్టి వచ్చాడు. ఈ సంఖ్య మా పిల్లలకు కంఠస్థం. కాని వాతావరణంలోకి దిగే ముందు పరికరాల భాగం పూర్తిగా విడిపోక, తీగలతో వేలాడుతూ ఉండిపోవడం వల్ల ఆయన కూర్చున్న గోళం గిరగిరా తిరిగిందని పాఠ్యపుస్తకంలో ఉండదు. ఆ గోళం నేల తాకే వేగం మనిషికి ప్రమాదకరం కాబట్టి, ఏడు కిలోమీటర్ల ఎత్తులోనే ఆసనంతో సహా బయటికి వచ్చి ఆయన విడిగా పారాచూట్‌తో దిగాడన్నది కూడా ఉండదు. నౌకతోనే నేలకు దిగితేగాని అంతర్జాతీయ రికార్డు కింద నమోదు కాదేమోనని సోవియట్ అధికారులు ఆ సంగతిని ఏళ్ళ తరబడి దాచారు.

అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి దాచారు. గగారిన్ ప్రయాణానికి 20 రోజుల ముందు, మార్చి 23న, ఆయన సహచర శిక్షణార్థి వాలెంతిన్ బొందరెంకో ఆక్సిజన్ నిండిన గదిలో ఏకాంత పరీక్షలో ఉన్నాడు. ఒంటికి అంటించిన సెన్సార్లు తీసేసి, ఆ చోటును స్పిరిట్ తడిపిన దూదితో తుడుచుకుని ఆ దూదిని విసిరేస్తే అది విద్యుత్ పొయ్యి మీద పడింది. మామూలు గాలిలో అయితే ఒక చిన్న మంటతో పోయేది. ఆక్సిజన్ నిండిన గదిలో ఆయన దుస్తులతో సహా అంతా క్షణాల్లో అంటుకుంది. లోపలికీ బయటికీ పీడనం తేడా ఉండటంతో తలుపు వెంటనే తెరవలేకపోయారు. ఆయన కొన్ని గంటల్లో చనిపోయాడు, వయసు 24. ఈ మరణం 1986 దాకా ప్రపంచానికి తెలియదు. 1967 జనవరి 27న అమెరికాలో అపోలో 1 బృందం రాకెట్ కొసన కూర్చుని రిహార్సల్ చేస్తుండగా, స్వచ్ఛమైన ఆక్సిజన్‌తో నింపిన క్యాబిన్‌లో మంటలు లేచాయి. తలుపు లోపలి వైపుకు తెరుచుకునేది. లోపలి పీడనం దాన్ని బిగించి పట్టడంతో గస్ గ్రిసమ్, ఎడ్ వైట్, రోజర్ చాఫీ బయటపడలేకపోయారు. బొందరెంకో సంగతి ముందే తెలిసి ఉంటే వాళ్ళు బతికేవారా అన్నది చరిత్రకారులు వాదించుకునే విషయం. ఆక్సిజన్ ప్రమాదం అమెరికా ఇంజినీర్లకు బొత్తిగా తెలియనిదేమీ కాదు. అయినా ఆరేళ్ళ తేడాతో రెండు దేశాల్లో దాదాపు ఒకే తీరున మనుషులు కాలిపోయారంటే, మొదటి ఘటనకు రహస్య ముద్ర వేసినవారికి అందులో ఏ పాత్రా లేదనడానికి నాకు మనసొప్పదు.

అపోలో మంటల తరువాత అమెరికా ఆగింది. తలుపు బయటికి తెరుచుకునేలా మార్చింది, క్యాబిన్‌లోని మండే వస్తువులను ఏరిపారేసింది, 1968 అక్టోబరు దాకా మనిషిని పంపలేదు. సోవియట్ యూనియన్ ఆ వ్యవధిలో ముందుకు దూకాలని చూసింది. సోయజ్ అనే కొత్త వ్యోమనౌకకు మనుషులు లేకుండా జరిపిన పరీక్షల్లో లోపాలు బయటపడుతున్నా 1967 ఏప్రిల్‌లో వ్లాదిమిర్ కొమరోవ్‌ను సోయజ్ 1లో పంపింది. ఒక సౌరఫలకం విచ్చుకోలేదు, ప్రయాణాన్ని కుదించి వెనక్కి రప్పించారు, ప్రధాన పారాచూట్ బయటికి రాలేదు, అదనపు పారాచూట్ చిక్కుపడింది. అంతరిక్ష ప్రయాణంలో ప్రాణం పోయిన మొదటి మనిషి ఆయనే. 1971 జూన్ 30న సోయజ్ 11 చక్కగా, వేళకు, అనుకున్న చోట నేలకు దిగింది. తలుపు తెరిచి చూస్తే ముగ్గురూ చనిపోయి ఉన్నారు. పైన భాగాలు విడిపోయే కుదుపుకు ఒక కవాటం తెరుచుకుని గాలంతా బయటికి పోయింది. ముగ్గురికి చోటు సరిపోవడానికి పీడన దుస్తులు లేకుండా పంపడమే ప్రాణాంతకమైంది. ఆ తరువాత చాలా ఏళ్ళు సోయజ్‌లో ఇద్దరినే, దుస్తులతో పంపారు.

మన రాకేశ్ శర్మ వెళ్ళింది ఈ సోయజ్ వంశంలోని నౌకలోనే. ఆయన పుట్టింది పటియాలాలో అయినా చదువుకున్నది హైదరాబాద్‌లో. 1984 ఏప్రిల్ 3న బైకనూర్ నుంచి సోయజ్ టి-11లో బయలుదేరి, సాల్యూట్ 7 కేంద్రంలో గడిపి, 11న తిరిగి వచ్చారు. ఇందిరాగాంధీ అడిగిన ప్రశ్న, ఆయన చెప్పిన ‘సారే జహాఁ సే అచ్ఛా’ జవాబు ఎవరిని అడిగినా చెబుతారు. ఆ నౌకలో ఆయనతో పాటు ఎవరున్నారని అడిగితే మాత్రం జవాబు రాదు. ఉన్న ఇద్దరిలో ఒకడు గెన్నాదీ స్ట్రెకలోవ్. అంతకు ఆరు నెలల ముందు, 1983 సెప్టెంబరు 26న, ఇదే బైకనూర్‌లో ప్రయోగానికి సుమారు ఒకటిన్నర నిమిషం ముందు రాకెట్ అడుగున మంటలు లేచినప్పుడు దాని కొసన కూర్చున్న ఇద్దరిలో ఆయన ఒకడు. రెండోవాడు వ్లాదిమిర్ తితోవ్. హెచ్చరిక పంపవలసిన తీగలే మంటల్లో కాలిపోయాయి. నియంత్రణ కేంద్రం వాళ్ళు ప్రమాదాన్ని గ్రహించి రేడియో ఆదేశంతో తప్పించుకునే రాకెట్‌ను మండించాక, అది వ్యోమగాముల గదిని ఊడబెరికి పైకి లాక్కుపోయిన రెండు సెకన్లకే కింద రాకెట్ పేలిపోయింది. శరీర బరువుకు 14 నుంచి 17 రెట్ల భారం కొన్ని సెకన్లు మోసి, ఆ ఇద్దరూ నాలుగు కిలోమీటర్ల అవతల ప్రాణాలతో దిగారు. ఆ మనిషే ఆరు నెలల తరువాత మళ్ళీ అదే రకం రాకెట్ ఎక్కి, మన శర్మతో కలిసి వెళ్ళాడు. ఆ రోజు జనానికి ఈ కథ తెలియదు, ఎందుకంటే సోవియట్ ప్రభుత్వం అప్పటికి దాన్ని బయటపెట్టనే లేదు.

గగన్‌యాన్‌లో ఎక్కువ కాలం, ఎక్కువ శ్రమ పోతున్నది ఈ తప్పించుకునే ఏర్పాటు వంటి వాటి మీదనే. మనిషిని మోయడానికి ఎంచుకున్న ఎల్‌వీఎం3 నమ్మకమైన రాకెట్, చంద్రయాన్ 2, 3 రెండింటినీ మోసింది. అయితే దానికి ఇరువైపులా ఉండే ఎస్200 మోటార్లలో ఒక్కొక్కదానిలో 200 టన్నులకు పైగా ఘన ఇంధనం ఉంటుంది. ద్రవ ఇంజిన్‌ను నడుమ ఆపవచ్చు. ఘన మోటారు తారాజువ్వ లాంటిది, అంటుకుంటే అయిపోయేదాకా మండుతుంది. కాబట్టి ఏదైనా తేడా వస్తే రాకెట్‌ను ఆపే మార్గం వెతకకుండా, మనుషులున్న గదిని దాని నుంచి లాగేయవలసిందే. 2018 జులై 5న శ్రీహరికోటలో నేల మీది నుంచే ఈ లాగేసే పరీక్ష జరిగింది. 259 సెకన్లలో నమూనా గది పైకి లేచి, తీరానికి దూరంగా బంగాళాఖాతంలో పడింది. ఎగురుతున్న రాకెట్ నుంచి లాగడం ఇంకా కష్టం. దానికి ప్రత్యేకంగా ఒకే ద్రవ దశతో పరీక్షా వాహనం తయారు చేసి 2023 అక్టోబరు 21న ప్రయోగించారు. ఆ ఉదయం లెక్కింపు అయిదు సెకన్ల దగ్గర ఆగింది. కారణం వెతికి సరిచేసి 10 గంటలకు పంపారు. దాదాపు 17 కిలోమీటర్ల ఎత్తులో గది విడివడి, పారాచూట్లతో శ్రీహరికోటకు పది కిలోమీటర్ల దూరంలో సముద్రంలో దిగింది. పత్రికలు విజయం అన్నాయి, నిజమే. కాని నీళ్ళలో పడిన తరువాత ఆ గది తలకిందులై తేలింది. లోపల మనుషులుంటే, గంటల తరబడి బెల్టులకు వేలాడుతూ నౌకాదళం కోసం ఎదురుచూడవలసి వచ్చేది. నిటారుగా నిలబెట్టే ఏర్పాటు తరువాతి పరీక్షలకు చేర్చవలసిన పని అయింది. ఒక్క పరీక్షలో ఇట్లాంటి ఒక్క సంగతి తేలితే, దాని వెనుక నెలల పని ఉంటుంది.

పారాచూట్ల సంగతి కూడా అంతే. గగన్‌యాన్ గదికి నాలుగు రకాల్లో మొత్తం పది పారాచూట్లు ఉంటాయి. మూత తీసేవి రెండు, వేగం తగ్గించి నిలకడ తెచ్చేవి రెండు, ప్రధాన పారాచూట్లను లాగేవి మూడు, ప్రధానమైనవి మూడు. ఆ మూడింటిలో రెండు విచ్చుకున్నా సురక్షితంగా దిగవచ్చు. కొమరోవ్ కథ చదివినవాడికి ఈ లెక్క ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. 2025 ఆగస్టు 24న శ్రీహరికోట దగ్గర వాయుసేన చినూక్ హెలికాప్టర్ నుంచి 4.8 టన్నుల నమూనా గదిని మూడు కిలోమీటర్ల ఎత్తు నుంచి వదిలి ఈ క్రమాన్ని పరీక్షించారు. ఇట్లాంటి పరీక్షలు ఇంకా వరుసలో ఉన్నాయి. మనుషులకన్నా ముందు మనుషులు లేని నౌక, వ్యోమమిత్ర అనే రోబోతో, వెళ్ళి తిరిగి రావాలన్న పద్ధతి కూడా నాకు నచ్చినదే. చైనా 2003 అక్టోబరు 15న యాంగ్ లివెయ్‌ను పంపే ముందు నాలుగు షెన్‌జౌ నౌకలను మనుషులు లేకుండా పంపి చూసుకుంది. అమెరికా 1981లో స్పేస్ షటిల్‌ను మాత్రం తొలి ప్రయాణంలోనే ఇద్దరితో పంపింది, క్షేమంగా దిగింది. అది కొంత అదృష్టమే.

తరగతిలో ఇంకో ప్రశ్న కూడా వస్తుంది. మర్రిగూడ వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థిని, ఫ్లోరైడ్ నీళ్ళతో కాళ్ళు వంకరపోయిన వాళ్ళను ఇంట్లోనే చూసిన అమ్మాయి, ఇన్ని వేల కోట్లు దీనికి అవసరమా సార్ అని నిదానంగా అడిగింది. దులిపేసుకునే ప్రశ్న కాదిది. 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఈ కార్యక్రమానికి మొత్తం 20,193 కోట్ల రూపాయలు ఖరారు చేసింది. మన అంతరిక్ష కార్యక్రమానికి పునాది వేసిన విక్రమ్ సారాభాయ్ కూడా ఆ అమ్మాయి వైపే నిలబడి ఉండేవారేమో. సంపన్న దేశాలతో చంద్రుడి మీద, గ్రహాల మీద, మనుషులను పంపడం మీద పోటీ పడాలన్న కల మాకు లేదని, సమాజపు నిజమైన సమస్యలకు ఉన్నత సాంకేతికతను వాడటంలో మాత్రం ఎవరికీ తీసిపోకూడదని ఆయన చెప్పిన మాటలు ప్రసిద్ధం. ఆ మాట ప్రకారమే 1975-76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు అందాయి, వాటిలో తెలుగు ఒక భాష. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్‌లో పెద్ద పెద్ద యాంటెనాలు పెట్టి ఉపగ్రహ చిత్రాలు అందుకునే కేంద్రం కూడా ఆ ఆలోచన నుంచి వచ్చినదే. భూగర్భ జలం ఎక్కడ దొరుకుతుందో చూపే పటాలను దేశమంతటికీ తయారు చేసింది ఆ కేంద్రాన్ని నడిపే సంస్థే.

ఆ అమ్మాయికి నేను చెప్పిన జవాబు ఇది. మనిషిని పంపడం వల్ల మర్రిగూడకు చుక్క నీరు రాదు, వస్తుందని చెప్పేవాళ్ళను నమ్మవద్దు. గట్టి లోహాల నుంచి గాలిని శుభ్రపరిచే యంత్రాల దాకా ఇతర దేశాలు ఇవ్వని విద్యలను సొంతంగా నేర్చుకుంటాం, దానికి విలువ ఉంది. కాని ఆ విలువ ఈ ఖర్చుకు తగినదా అని అడిగే హక్కు పన్ను కట్టే ప్రతివాడిదీ. అడగాలంటే లెక్కలు, ఫలితాలు కనబడాలి.

ఇస్రోను అడగాలని నేను మొదట్లో చెప్పిన ప్రశ్న ఇదే: పరీక్షల్లో ఏం తేలిందో, ఏం తప్పిందో అందరికీ చూపిస్తారా? 1986 జనవరి 28న చాలెంజర్ అనే స్పేస్ షటిల్ 73 సెకన్లకు పేలిపోయినప్పుడు ముందురాత్రి ఇంజినీర్లు చలిలో రబ్బరు వలయాలు పనిచేయవని హెచ్చరించిన సంగతి బహిరంగ విచారణలో బయటికి వచ్చింది. కమిషన్ నివేదిక అంతా అచ్చయింది. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురిని బలిగొన్న కొలంబియా ప్రమాదం మీద విచారణ మండలి నివేదిక ఆ ఏడాది ఆగస్టుకే ప్రజల చేతికి వచ్చింది, సంస్థ పనితీరునే తప్పుపట్టింది. మన దగ్గర కూడా ఈ సంప్రదాయం లేకపోలేదు. 2021 ఆగస్టు 12న జీఎస్ఎల్‌వీ-ఎఫ్10 రాకెట్ విఫలమైనప్పుడు, హైడ్రోజన్ ట్యాంకులో ఒక కవాటం కారడం వల్ల పీడనం తగ్గిందన్న నిర్ధారణను ఇస్రో తానే ప్రచురించింది. 2025 మే 18న పీఎస్ఎల్‌వీ-సీ61 మూడో దశలో విఫలమైనప్పుడు మాత్రం విచారణ కమిటీ నివేదిక మాలాంటి వాళ్ళు చదవడానికి దొరకలేదు. అది ఉపగ్రహం కాబట్టి సర్దుకోవచ్చు. రేపు గగన్‌యాన్‌కు ఎంపికైన ప్రశాంత్ బాలకృష్ణన్ నాయర్, అజిత్ కృష్ణన్, అంగద్ ప్రతాప్, శుభాంశు శుక్లాలలో ఎవరో కూర్చోబోయే రాకెట్ విషయంలో అట్లా కుదరదు.

భద్రత విషయంలో పట్టుబట్టడం మనకు తెలుసు. 2025 జూన్‌లో శుక్లా అంతరిక్ష కేంద్రానికి వెళ్ళవలసిన ఆక్సియం-4 ప్రయోగానికి ముందు ఫాల్కన్ 9 రాకెట్‌లో ద్రవ ఆక్సిజన్ కారుతున్నట్టు తేలినప్పుడు, దాన్ని పూర్తిగా సరిచేసి పరీక్షించాకే ఎగరాలని మన బృందం గట్టిగా అడిగిందని ఇస్రో అధ్యక్షుడు వి. నారాయణన్ తరువాత స్వయంగా చెప్పారు. ప్రయోగం జూన్ 25న జరిగింది, శుక్లా జులై 15న క్షేమంగా తిరిగి వచ్చారు. తాతగారిది మహబూబ్‌నగర్ అయిన రాజాచారి 2021 నవంబరులో అమెరికా బృందానికి నాయకుడిగా అంతరిక్ష కేంద్రానికి వెళ్ళి దాదాపు ఆరు నెలలు ఉండి వచ్చినప్పుడు కూడా, ఆ నౌక మీద జరిగిన పరీక్షల్లో ఏది నెగ్గిందో ఏది విఫలమైందో ఇక్కడ కూర్చుని చదువుకునే వీలు మాకు ఉండింది. 2019 ఏప్రిల్‌లో అదే రకం నౌక నేల మీది పరీక్షలో పేలిపోయిన సంగతి, దానికి ఒక కవాటం కారణమన్న సంగతి కొన్ని నెలల్లోనే లోకానికి తెలిసింది.

మనుషులు లేని గగన్‌యాన్ మొదటి ప్రయాణం ముగిశాక మూడు విషయాలు సామాన్యుడికి అర్థమయ్యే భాషలో, తెలుగుతో సహా, ప్రచురించమని ఇస్రోకు ఉత్తరం రాయాలని మా విద్యార్థులు అనుకుంటున్నారు: ఉష్ణకవచం ఎంత అరిగింది, పారాచూట్లు ఏ క్రమంలో ఎప్పుడెప్పుడు విచ్చుకున్నాయి, నీళ్ళలో పడిన గది నిటారుగా నిలబడటానికి ఎంతసేపు పట్టింది. ముసాయిదా రాసింది మర్రిగూడ అమ్మాయే. ఖర్చు గురించి నాలుగో ప్రశ్న ఒకటి చేర్చింది, నేను తీసేయలేదు.